దూరపు పరుగు: సాధన, అన్నము, నీరు



ఉపాధ్యాయుడు శిష్యుల తప్పులను దిద్దుటకు జీతము పుచ్చుకొనును. తన తప్పును దిద్దుకొనుటకు మాత్రము అతనికి జీతమిచ్చువారు లేరు. ఆ పనిని నేను ఉద్యోగమునుండి విశ్రాంతి పొందిన పిమ్మట చేయబూనితిని. నేటి ప్రసంగము దాని ఫలమే.

మొదట ఆ తప్పెట్టిదో మనవి చేసెదను. 1986వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, నేను తెలుగు పండితుడుగా నున్న ఉన్నత పాఠశాలలో ఆటల పందెములు జరిగెను. వ్యాయామోపాధ్యాయుడు సెలవులో నుండుటచే దూరపు పరుగును నడుపు భారము నాపై బడెను. పాఠశాల మొదలు ప్రక్క గ్రామపు చెఱువుగట్టు వఱకు పోయి మరలి రావలెను. రాకపోకలు కలిపి సుమారు 8 కిలోమీటర్లు. నేను ముందటి దినమున పిల్లలను వరుసగా నిలిపి, చూపునకు బలిష్ఠులుగా నున్న 12 మందిని ఎంచితిని. మఱునాడు పదునొకండు గంటల యెండలో వారిని పరుగెత్తించితిని. త్రోవలో నీరు ముట్టరాదనియు, పరుగులో నీరు త్రాగిన కడుపులో పట్టు పట్టుననియు శాసించితిని. నా చిన్ననాట మా పెద్దలు నాకట్లే చెప్పియుండిరి.

తొమ్మిదవ తరగతి బాలుడొకడు అందఱికంటె ముందుగా వచ్చుచు, పాఠశాల రెండు ఫర్లాంగులున్నదనగా తూలి పడిపోయెను. నాలుక పిడచకట్టెను, పిలిచిన పలుకకుండెను. దైవకృపవలన ఆసుపత్రిలో సాయంకాలమునకు తెలివి వచ్చెను. ఆ దినమున అతడేమియు తినకయే మూడు మైళ్లు నడిచి బడికి వచ్చెనని నాకప్పుడు తెలిసినది. అతని తల్లి నన్ను తిట్టలేదు. "పంతులుగారూ, అరక కట్టిన ఎద్దుకైనా మధ్యలో నీళ్లు చూపిస్తాం గదండీ!" అని మాత్రము అనినది. నాయొద్ద జవాబు లేకపోయెను.

సాధన లేని బాలుని పరుగెత్తించుట, అన్నము తినెనా యని అడుగకుండుట, నీటిని నిషేధించుట, ఈ మూడును నా తప్పులు. పిదప ఈ విషయమును గుఱించి దొరకిన గ్రంథములను చదువగా, నేను చేసిన తప్పులనే లోకములోని గొప్ప గొప్ప పందెములను నడిపినవారును చేసిరనియు, అవి దిద్దుకొనుటకు నూఱేండ్లకు పైగా పట్టెననియు గ్రహించితిని. ఆ చరిత్రనే మీకు వినిపింపదలచితిని. ఇది మన గ్రామములకు సంబంధించని మాట కాదు. పోలీసు ఉద్యోగములకును, సైన్యములో చేరుటకును మన యువకులు తెల్లవాఱుజామున రోడ్లపై పరుగు సాధన చేయుటను మీరందఱు చూచుచున్నారు. పట్టణములలో జరుగు మారథాను పరుగులకును కొందఱు పోవుచున్నారు. వారు ఇంటిలో మొదట అడుగునది పెద్దలనే. మన మాట వారికి శిరోధార్యమగునప్పుడు, ఆ మాట సరియైనదై యుండవలెను గదా!

మారథాను అనునది గ్రీసు దేశములోని ఒక మైదానము పేరు. క్రీస్తునకు పూర్వము 490వ సంవత్సరమున అచ్చట ఏథెన్సువారు పారసీక సేనను ఓడించిరి. ఆ విజయవార్తను మోసికొని ఒక వార్తాహరుడు ఏథెన్సు వఱకు పరుగెత్తి, వార్త చెప్పి ప్రాణము విడిచెనని కథ. ఈ కథ చాల కాలము తరువాతి గ్రంథకర్తలు వ్రాసినది. యుద్ధమునకు సమీప కాలమువాడగు హెరొడోటసు చెప్పినది వేఱు. యుద్ధమునకు ముందు ఫీడిప్పిడీసు అను వృత్తి వార్తాహరుడు సాయము కోరుటకై ఏథెన్సునుండి స్పార్టాకు పరుగెత్తి, మఱునాటికి అచ్చట చేరెనని అతడు వ్రాసెను. ఆ దూరము సుమారు 240 కిలోమీటర్లు. వాడు చావలేదు. ఏలయన వానికది నిత్యము చేయు వృత్తి. అయినను లోకము బ్రతికినవానిని మఱచి, చచ్చినవానినే పట్టుకొన్నది. దూరపు పరుగనగా పట్టుదలయేగాని సిద్ధపాటు గాదను భ్రమ ఈ కథతో పాటు వ్యాపించినదని నాకు తోచుచున్నది.

మన దేశమునందును వృత్తిగా పరుగెత్తువారుండిరి. గజ్జెలు కట్టిన ఈటె భుజమున బెట్టుకొని, తపాలా సంచి మోసికొని పరుగెత్తిన హర్కారాలను గుఱించి మీలో పలువురు పెద్దలవలన వినియుందురు. మా తాతగారు వారిని చూచినవారు. ఒక్కడే ఊరినుండి ఊరికి తుదివఱకు పోవుట లేదు. కొన్ని మైళ్లు పోయి, సంచిని రెండవవానికి అందించి, విశ్రమించి, తినవలసినది తిని మరలి వచ్చువాడు. దినదినము పోవు దారియే గావున దేహము దానికి అలవడెను. ఫీడిప్పిడీసు రహస్యమును, హర్కారా రహస్యమును ఒక్కటే.

ఇక నవీన కాలమునకు వత్తము. 1896వ సంవత్సరమున ఏథెన్సులో ఒలింపిక్ క్రీడలను పునరుద్ధరించినప్పుడు, మిషెల్ బ్రెయాల్ అను ఫ్రెంచి పండితుని సూచనపై, మారథాను మైదానమునుండి ఏథెన్సు వఱకు సుమారు 40 కిలోమీటర్ల పందెము నేర్పఱచిరి. మన వంటి భాషాపండితుడొకడు ఈ పరుగునకు మూలపురుషుడగుట నాకు సంతోషమును కలిగించినది. గెలిచినవాడు స్పిరిడాన్ లూయీ. అతడు మరూసి గ్రామస్థుడు; తండ్రితో గూడ ఏథెన్సునకు నీటిని చేరవేసి జీవించువాడు. నీటిబండి వెంట దినము నడచిన కాళ్లు గావున 2 గంటల 58 నిమిషములలో గమ్యము చేరెను.

దీనికి సరిగా విపరీతము 1904వ సంవత్సరమున అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున జరిగెను. ఆగస్టు 30వ తేదీ, మధ్యాహ్నపు ఎండ, దారి ధూళిమయము, దానిపై ముందు వెనుకల మోటారు బండ్లు. త్రోవలో నీరు దొరకు తావులు ఒకటి రెండింటికి మించలేదు. నిర్వాహకులలో ముఖ్యుడగు జేమ్స్ సల్లివను, నీరు చాలని దేహమేమగునో పరీక్షించు తలంపుతోనే ఇట్లు చేసెనని చరిత్రకారులు వ్రాయుదురు. 32 మంది బయలుదేరగా 14 మంది మాత్రమే గమ్యము చేరిరి. విలియం గార్షియా యనువాడు మ్రింగిన ధూళిచేత కడుపులో రక్తస్రావము కలిగి దారిప్రక్కన పడియుండగా ఎత్తుకొని పోయిరి. క్యూబానుండి వచ్చిన ఫెలిక్స్ కార్వహాల్ అను తపాలా ఉద్యోగి ఆకలికి తాళలేక త్రోవలోని తోటలో పండ్లు తిని, కడుపునొప్పితో బాధపడి, అయినను నాలుగవవాడుగా వచ్చెను.

గెలిచిన థామస్ హిక్సు కథ వినిన మీకు జాలి కలుగును. అతడు ఇత్తడి పనివాడు. దాహమని అడుగగా వెంటనున్నవారు నీరీయక, తడిగుడ్డతో నోరు తుడిచిరి. శక్తి కొఱకని కోడిగ్రుడ్డులోని తెల్లసొనతో స్ట్రిక్నిను అను మందును కలిపి ఇచ్చిరి. పైగా బ్రాందీ పట్టిరి. స్ట్రిక్నిను అనునది మన ముష్టిగింజలలో నుండు విషమే. ముష్టిగింజ ఎంతటిదో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అతడు చిత్తభ్రమతో తూలుచు, ఇరుప్రక్కల మనుష్యులు పట్టి నడిపింపగా 3 గంటల 28 నిమిషములకు గమ్యము చేరెను. బ్రతికినది అతని అదృష్టము. ఆ నాటివారిలో కొందఱు ఈ ఔషధసేవనము మేలుచేసినదనియే వ్రాసిరి! అజ్ఞానము గెలిచినప్పుడు అది శాస్త్రమువలె మాటలాడును. నా బాలుడు ఆ నాడు పడిపోక గెలిచియుండిన, నేనును నా నీటినిషేధమును ఒక గొప్ప నియమముగా మఱి పదియేండ్లు బోధించియుందును.

నాలుగేండ్లకు, 1908లో లండనున, డొరాండో పియెట్రి అను ఇటలీ దేశపు మిఠాయి పనివాడు అందఱికంటె ముందుగా క్రీడాస్థలమును చేరి, చివరి ఫర్లాంగులలో దారి తప్పి, పలుమాఱులు పడెను. అధికారులు లేవనెత్తి గమ్యము దాటించుటచే అతని గెలుపు చెల్లలేదు. ఆ పందెము దూరము 26 మైళ్ల 385 గజములు, అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1921లో ఆ దూరమునే మారథానునకు నియతము చేసిరి. నేటికిని అదియే.

ఇంతవఱకు తప్పులను చెప్పితిని. అవి ఎట్లు దిద్దబడెనో ఇక చెప్పెదను. మొదటిది సాధన.

అమెరికాలోని బోస్టను నగరమున 1897 మొదలు మారథాను జరుగుచున్నది. అందు ఏడుమాఱులు గెలిచిన క్లారెన్స్ డిమార్ అచ్చుకూటములో పనిచేసిన సామాన్యుడు. పరుగువలన అతనికి జీతము లేదు. ఇంటినుండి పనికి, పనినుండి ఇంటికి పరుగెత్తుటయే అతని సాధన. 1911లో మొదట గెలిచిన నాటికి ముందు వైద్యులు అతని గుండెలో వింతచప్పుడు విని, ఇక పరుగు మానుమని హెచ్చరించిరి. అతడు కొన్నియేండ్లు పందెములకు దూరముగా నుండి, మరల వచ్చి 1922, 1923, 1924, 1927, 1928 సంవత్సరములలోను, తుదకు తన 41వ యేట 1930లోను గెలిచెను. 1958లో అతడు పుట్టకురుపు వ్యాధిచే మరణింపగా వైద్యులు గుండెను పరీక్షించిరి. గుండెకు రక్తమును తెచ్చు నాళములు సామాన్యుల నాళములకంటె రెండు మూడింతలు వెడల్పుగా నున్నవని 1961లో ప్రకటించిరి. ఒక్కని గుండెను చూచి అందఱికి సిద్ధాంతము చేయరాదు. కాని పరుగువలన గుండె అరిగిపోవునను భయము దీనివలన చాలవఱకు సడలెను.

న్యూజీలండు దేశమున ఆర్థర్ లిడియార్డు అనునతడు జోళ్ల కర్మాగారమున పనిచేయుచు, పాలు ఇంటింట చేరవేయుచు, తన దేహముమీదనే అనేక సంవత్సరములు సాధన పరీక్షలు చేసికొనెను. మొదట కొన్ని నెలలు వారమునకు సుమారు 100 మైళ్ల వఱకు తొందర లేని పరుగు, అటుపిమ్మట కొండదారులు, చివరకు మాత్రమే వేగము. ఇది అతని పద్ధతి. అతని శిష్యులు పీటర్ స్నెల్, మర్రే హాల్బర్గు అనువారు 1960లో రోములో ఒకే దినమున రెండు స్వర్ణపతకములు గెలిచిరి. స్నెల్ గెలిచినది 800 మీటర్ల పందెము. అట్టి చిన్న పందెమునకును గురువు అతనిచే 22 మైళ్ల కొండదారి పరుగెత్తించెను. పునాది ఎంత వెడల్పో గోడ అంత ఎత్తు అనుట మనకు క్రొత్త గాదు. ప్రక్కవానితో మాటలాడుచు పోగలిగినంత వేగమే సాధనలో అధిక భాగమునకు తగినదని అతడు బోధించెను.

మన సుశ్రుతుడును, వాగ్భటుడును వ్యాయామమును తన శక్తిలో సగము మేరకే చేయవలెనని విధించియున్నారు. వారు చెప్పినది పందెపు పరుగును గుఱించి కాదు. అయినను మితము విషయమున ప్రాచీనుల మాటయు, పాలబండివాని అనుభవమును ఒకచోటికి వచ్చినవి. ఇట్టి నెమ్మది సాధనవలన కండరములలో నేమి జరుగునో 1967లో జాన్ హల్లోజీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఎలుకలను కొన్ని వారములు పరుగెత్తించి చూపెను. ఆహారమును ప్రాణవాయువుతో కాల్చి శక్తినిచ్చు సూక్ష్మమైన కొలుములు కండరములందు వృద్ధియగును. ఇవి ఒక్క రాత్రిలో పుట్టవు. ముందటి దినమున పిల్లలను వరుస నిలిపి ఎంచిన నా వంటివానికి ఇంతకంటె వేఱు జవాబు లేదు.

మన దేశీయుని ఒకని స్మరించి ముందునకు పోయెదను. 1920లో ఆంట్వెర్పు ఒలింపిక్ క్రీడలకు దొరాబ్జీ టాటా గారి ప్రోత్సాహముతో భారతదేశమునుండి కొందఱు పోయిరి. వారిలో బెళగామువాడగు ఫడెప్ప దారెప్ప చౌగులే మారథాను పరుగెత్తి 19వ వాడుగా గమ్యము చేరెను. ఎఱుగని శీతలదేశమున అది చిన్న కార్యము గాదు.

రెండవది అన్నము. 1924లో బోస్టనులోని కొందఱు వైద్యులు ఆ మారథాను గమ్యస్థలమున వేచియుండి, పరుగు ముగించినవారి రక్తమును పరీక్షించిరి. సొమ్మసిల్లినట్లు వచ్చినవారి రక్తములో చక్కెర మిక్కిలి తగ్గియుండెను. మఱుసటి యేడు కొందఱికి ముందటి దినమున పిండిపదార్థములు ఎక్కువగ పెట్టి, త్రోవలో మిఠాయి బిళ్లలు తినిపించిరి. వారు తెలివితో, మునుపటికంటె తేలికగా వచ్చిరి. ఎంత చిన్న ఉపాయము! అయినను లోకమంతట వ్యాపించుటకు దానికి అనేక దశాబ్దములు పట్టెను. ఆ కాలమున మాంసమే బలమను నమ్మకము గట్టిగా నుండెను.

ఆ నమ్మకమును కదల్చినది స్వీడను దేశీయులు చేసిన ఒక విచిత్రమైన పరీక్ష. 1966లో బెర్గ్‌స్ట్రోం, హల్ట్‌మన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఒకే సైకిలు యంత్రమునకు చెఱియొక ప్రక్క కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్క కాలితో మాత్రమే అలసిపోవువఱకు త్రొక్కిరి. రెండవ కాలు ఊరకుండెను. పిదప సూదివంటి సాధనముతో రెండు తొడలనుండియు కండ తునుకలు తీసి పరీక్షించిరి. త్రొక్కిన కాలిలో గ్లైకోజెను అను పిండినిలువ దాదాపు శూన్యమయ్యెను. మూడు దినములు పిండిపదార్థములనే తిని మరల పరీక్షింపగా, త్రొక్కిన కాలిలో నిలువ ఊరకున్న కాలికంటె సుమారు రెండింతలయ్యెను. ఒకే దేహము, ఒకే భోజనము. పనిచేసిన కాలికి మాత్రమే నిలువ! కాబట్టి సాధనలేని తిండియు, తిండిలేని సాధనయు వ్యర్థములని తేలినది. 1967లో మఱి కొందఱితో కలసి చేసిన పరీక్షలో, మాంసము, క్రొవ్వు ప్రధానముగా తిన్నవారు సుమారు ఒక గంట మాత్రమే అదే బలముతో త్రొక్కగలిగిరి. కలగలుపు భోజనము చేసినవారు సుమారు రెండు గంటలు. పిండిపదార్థములు మిక్కుటముగా తిన్నవారు రెండున్నర గంటలకు పైగా త్రొక్కగలిగిరి.

దీని లెక్క మీరును చూడవచ్చును. మనుష్యుడు ఒక కిలోమీటరు పరుగెత్తుటకు తన బరువులో కిలో ఒకటికి సుమారు ఒక కెలోరీ ఖర్చు చేయును. 60 కిలోల యువకునకు 42 కిలోమీటర్లకు 2,500 కెలోరీలకు పైగా కావలెను. కాలేయమునందు సుమారు 100 గ్రాములు, కండరములందు సుమారు 400 గ్రాములు గ్లైకోజెను నిలువయుండును. దానివలన వచ్చునది సుమారు 2,000 కెలోరీలు. కావుననే 30 కిలోమీటర్లు దాటినపిదప అనేకులకు కాళ్లు కట్టివేసినట్లగును. క్రొవ్వు లేదా యని మీరడుగవచ్చును. క్రొవ్వు అందఱియొద్దను పుష్కలముగ నున్నది. కాని అది చింతమొద్దు వంటిది, మెల్లగ మండును. పిండిపదార్థము కందికంప వంటిది, వెంటనే మండును. పొయ్యి ఎగసి మండవలెనన్న కంప వేయుచుండవలసినదే. అందుచేత రెండు గంటలు, మూడు గంటలు పరుగెత్తువారు త్రోవలో గంటకు 30 మొదలు 60 గ్రాముల వఱకు తీపి, పిండిపదార్థములు పుచ్చుకొనవలెనని నేటి నియమము. ఒక పెద్ద అరటిపండు, చిన్న బెల్లపుముక్క కలిసిన ఇంచుమించు 40 గ్రాములగును.

మూడవది నీరు. ఈ విషయమున లోకము ఒక గోతిలోనుండి లేచి రెండవ గోతిలో పడినది. కావున దీనిని జాగ్రత్తగా వినవలెనని ప్రార్థన.

నీరు త్రాగరాదను మూర్ఖత్వము 1904 తోనే పోలేదు, చాలకాలము నిలిచినది. పిదప చెమటవలన కలుగు నష్టమును శాస్త్రజ్ఞులు కొలిచిరి. ఎండలో పరుగెత్తువాడు గంటకు అర లీటరు మొదలు రెండు లీటర్ల వఱకు చెమటగా కోల్పోవును. 1965లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున రాబర్టు కేడ్ మొదలగువారు నీరు, ఉప్పు, చక్కెర కలిపిన పానీయమును ఆటగాండ్రకై చేసిరి. ఇది మంచిదే. తరువాత త్రాగగలిగినంత త్రాగుమను ఉపదేశము బయలుదేరినది. దాహము కాకున్నను త్రాగుడని బోధించిరి. దాని ఫలితమును 1985లో దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్సు మొదలగువారు ప్రకటించిరి. మితిమీఱి నీరు త్రాగినవారి రక్తములో ఉప్పు, అనగా సోడియము, పలుచనై, మెదడు వాచి, ప్రాణాపాయము కలుగుచుండెను. 2002లో బోస్టను మారథానున 28 ఏండ్ల యువతి ఒకతె ఇట్లే మరణించెను. ఆ యేడే ఆ పరుగు ముగించిన 488 మందిని పరీక్షింపగా, వారిలో నూటికి 13 మందికి రక్తములోని సోడియము తగ్గియుండెనని 2005లో ప్రకటితమయ్యెను. వారిలో పరుగెత్తి బరువు తగ్గుటకు బదులు పెరిగినవారే విశేషము. అంత నీరు త్రాగిరన్నమాట!

అందుచేత తేలిన మార్గము మధ్యమము. దాహము దేహము చెప్పు మాట. దానిని కాదనరాదు, దానికి మించి పోరాదు. పరుగులో పట్టు పట్టునను మన పెద్దల మాటలోను కొంత సత్యము లేకపోలేదు. పరుగెత్తునప్పుడు రక్తము కాళ్లకును, చర్మమునకును పోవుటచే కడుపునకు తగ్గును. అప్పుడు చెంబెడు నీరు ఒక్కసారి గటగట త్రాగిన నొప్పి కలుగవచ్చును. గ్రుక్కెడు గ్రుక్కెడుగా త్రాగిన కలుగదు. పెద్దలు చెంబును నిషేధించిరి. నేను గ్రుక్కను గూడ నిషేధించితిని. నా తప్పు అచ్చట నున్నది.

ఉప్పును, తీపిని నీటితో కలుపుటలో ఒక రహస్యమున్నది. ప్రేగులలో చక్కెరయు ఉప్పును జతగా లోపలికి పోవును. ఆ జత నీటిని వెంటబెట్టుకొని పోవును. 1971లో బంగాళ సరిహద్దునందలి బన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా సోకినవారికి డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి అసంఖ్యాకుల ప్రాణములను కాపాడినది ఈ సూత్రముతోనే. కావున చిటికెడు ఉప్పు వేసిన పలుచని పానకమును, ఉప్పు కలిపిన మజ్జిగను తక్కువగ నెంచరాదు.

పెద్దలారా, ఇక చెప్పవలసినది స్వల్పము. మీ యింటి కుఱ్ఱవాడు గాని, ఆడపిల్ల గాని దూరపు పరుగునకు సిద్ధపడిన, ఈ నాలుగు మాటలు చెప్పుడు. నెలల తరబడి క్రమముగా సాధన చేయవలెను. ఒక వారమునకంటె రెండవ వారము కొంచెమే పెంచవలెను. మాటలాడగలిగిన వేగముతో పోవలెను. వారమున కొక దినమైనను విశ్రమింపవలెను. ఎండకు అలవడుటకు దేహమునకు సుమారు రెండు వారములు పట్టునని మఱువరాదు. పందెమునకు ముందు రెండు మూడు దినములు అన్నము, రొట్టె, చిలగడదుంప, అరటిపండు వంటివి కొంచెము ఎక్కువగను, వేపుళ్లు, మాంసము తక్కువగను తినవలెను. పరుగు నాడు రెండు మూడు గంటల ముందు ఇడ్లీ గాని, పెరుగన్నము గాని మితముగ తినవలెను. అలవాటు లేని పదార్థమును ఆ దినమున ముట్టరాదు. పరుగు ముగిసిన పిదప ఆలస్యము చేయక పప్పుతో గూడిన అన్నము పెట్టుడు. ఎంత నీరు కావలెనో తెలిసికొనుటకు, సాధన దినములలో పరుగునకు ముందును వెనుకను ధాన్యము తూచు కాటామీద నిలబెట్టి చూడుడు. ఒక కిలో తగ్గిన సుమారు ఒక లీటరు నీరు పోయినదన్నమాట. బరువు పెరిగిన అధికముగ త్రాగెనన్నమాట. ఎవరైన పడిపోయి, ఒడలు కాలుచు, మాట తడబడుచుండిన, నీడకు చేర్చి, ఒంటినిండ నీళ్లు పోసి, విసరుచు, తత్‌క్షణము ఆసుపత్రికి పంపుడు. తెలివి లేనివాని నోట నీరు గాని, సోడా గాని పోయరాదు. గుండెజబ్బు, మధుమేహము ఉన్నవారు వైద్యుని అడుగకయే మొదలుపెట్టరాదు.

ఆ నాడు పడిపోయిన బాలుడు నేడు నడివయస్సు దాటిన రైతు. అతని కుమార్తె కళాశాలలో చదువుచు దూరపు పరుగు సాధన చేయుచున్నది. క్రిందటి సంవత్సరము ఆమె నాయొద్దకు వచ్చి, "తాతగారూ, పరుగులో నీళ్లు తాగొచ్చా అని నాన్నని అడిగితే, మీ దగ్గరకు పొమ్మన్నాడు" అనినది. ఆ తండ్రి నన్ను పరిహసించుటకు పంపెనో, నమ్మి పంపెనో నేనడుగలేదు. మీకు చెప్పిన మాటలన్నియు ఆ పిల్లకు చెప్పితిని. వినవలసిన ఆ నాయనమ్మ అప్పటికే లేదు. ఆమె అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇంత ఆలస్యముగా సిద్ధమైనది.

మీ యిండ్ల పిల్లలు దీర్ఘాయుష్మంతులై, చల్లని ప్రొద్దుటివేళ, కడుపున అన్నముతోను, చేత నీళ్లతోను పరుగెత్తుదురు గాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.